చివరి పేజీ లేని నవల
హైదరాబాద్‌లోని అబిడ్స్‌కు ఆ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ దుకాణం వల్ల వచ్చింది. ఆదివారం దుకాణాలు మూతపడితే వాటి ముందరి ఫుట్‌పాత్ పాత పుస్తకాల బజారవుతుంది. తెలుగు డిటెక్టివ్ నవలకు అసలైన భాండాగారం ఆ ఫుట్‌పాతే. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో అద్దెకు తిరిగి తిరిగి నలిగిన పాత్రలు. అట్ట ఊడి, చివరి పేజీలు చిరిగిన ప్రతిలో నేరం గుట్టు రట్టయ్యే ఘట్టమే ఉండదు. కుర్ర పాఠకుడికి అది అసంపూర్తి నవలే.

చివరి పేజీలు కూడా లేని చవకబారు కాలక్షేపాన్ని దాచడమెందుకని కొందరంటారు. కానీ 1870లో డికెన్స్ మరణంతో పన్నెండు భాగాల్లో ఆరింటి దగ్గరే ఆగిపోయిన ‘ఎడ్విన్ డ్రూడ్’ నవల గుట్టును పాఠకులు నేటికీ వెదుకుతున్నారు. ముగింపు లేనంత మాత్రాన దాని విలువ తగ్గలేదు. ఫుట్‌పాత్ వ్యాపారి అమ్ముడుపోయేదే తెస్తాడు, భద్రపరచడు అన్న అభ్యంతరం మాత్రం బలమైనది. అందుకే 1985లో ఏర్పడి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఎదిగిన తెలుగు విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ఈ ప్రతులను సేకరించి, ఒకదానిలో పోయిన పేజీని మరొకదానితో పూరించాలి. ఎందరికో చదువు రుచి చూపిన పుస్తకాలు చిత్తుకాగితాలైపోకూడదు.