ముజాహమత్ హిసాబు

ఉర్దూ మీడియం బడిలో మాకు రెసిస్టెన్స్‌ను ముజాహమత్ అని నేర్పారు. తెలుగు డిగ్రీకి వచ్చాక అదే నిరోధం అయింది. మా గూడూరులో బారాత్ బండ్లకు సబ్‌ఊఫర్లు బిగించే నౌజవాన్లకు మాత్రం ఈ రెండూ చాలవు. మూడో లఫ్జ్ కావాలి: ఇంపెడెన్స్.

దాని తారీఖ్ చూడండి. జర్మనీలో జార్జ్ ఓమ్ 1827లో కరెంటు, వోల్టేజీ, ముజాహమత్‌ల హిసాబు ప్రచురించాడు. అటూ ఇటూ దిశ మార్చుకునే కరెంటుకు అదొక్కటే సరిపోలేదు. 1886లో ఇంపెడెన్స్ అనే మాట ఇచ్చినవాడు ఇంగ్లండ్‌కు చెందిన ఆలివర్ హెవిసైడ్. పదహారేళ్లకే బడి మానేశాడు, చెవులు సరిగా వినపడవు. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ కాయిల్ కదిలే స్పీకర్‌ను వివరించారు. ఈనాటి సబ్‌ఊఫర్ ఆ ఖాందాన్‌దే.

కదిలే కాయిల్ డైనమోలా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. అందుకే మల్టీమీటర్ 1 ఓమ్ చూపిన సబ్‌ఊఫర్, పెట్టెలో మోగేటప్పుడు 4 ఓమ్‌లకు ఎక్కవచ్చు. రాగి వేడెక్కితే దాని ముజాహమత్ డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది.

కొలవడం ఆసాన్. ఒకే స్వరం మోగించి, యాంప్లిఫయర్ దగ్గర ఏసీ వోల్టేజీని, క్లాంప్ మీటర్‌తో కరెంటును చూసి భాగించండి. 40 వోల్టులు, 10 ఆంపియర్లు వస్తే 4 ఓమ్‌లు. 1 ఓమ్ అనుకుని లెక్కేస్తే 1600 వాట్లు. అసలియత్ 400 లోపే, ఎందుకంటే వోల్టేజీ, కరెంటు ఒకే అడుగులో నడవవు.

పవర్ రాలేదని ఓమ్‌లు ఇంకా తగ్గించి కలిపితే, ఇంపెడెన్స్ పడిపోయే స్వరం దగ్గర యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. డబ్బా మీది వాట్లు దావా మాత్రమే, మీటర్ గవాహీ. కర్జ్ చేసి పెద్ద యాంప్లిఫయర్ కొనేముందు ఒక్కసారి కొలిచి చూడమని మన పిల్లలకు చెప్పండి.