పెట్రోలు ఆక్టేన్: ఏ వాహనానికి ఏది తగును?

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లకు, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లోని మరమగ్గాల కార్ఖానాలకు నిత్యం ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారిలో తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడిన నేత కుటుంబాల వారూ ఉన్నారు. పెట్రోలు బంకులో వారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న సాధారణ పెట్రోలా, ప్రీమియమా అన్నది. ధర ఎక్కువైనదే మేలైనదన్న భావనతో పలువురు రెండో దానివైపు మొగ్గుతారు. అయితే ఆక్టేన్ సంఖ్య ఇంధనపు శక్తికి గాని, స్వచ్ఛతకు గాని కొలమానం కాదు.

ఆక్టేన్ అంటే ఏమిటి?

ఇంజిన్ సిలిండరులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ రవ్వ నుంచి పుట్టిన మంట ఆ మిశ్రమమంతటా క్రమంగా వ్యాపించాలి. ఒత్తిడి, వేడి మితిమీరితే మంట చేరకముందే కొంత భాగం తనంతట తానే భగ్గుమంటుంది. దీనినే నాకింగ్ అంటారు. బరువుతో వంతెన ఎక్కేటప్పుడు లోహపు టకటక శబ్దం వినిపించడం దీని లక్షణం. ఇది తీవ్రమై చాలాకాలం కొనసాగితే పిస్టన్, హెడ్ గాస్కెట్ దెబ్బతింటాయి.

నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని తెలిపేదే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 విలువనిచ్చి, వాటి మిశ్రమాలతో పోల్చి దీనిని నిర్ణయిస్తారు.

మార్కెట్లో లభించేవి

2020లో అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలు మన దేశంలో సాధారణ పెట్రోలుకు కనీసం 91 ఆక్టేన్‌ను నిర్దేశించాయి. ప్రీమియం రకాల్లో 95 ఆక్టేన్ పెట్రోలు ఎక్కువగా కనిపిస్తుంది. ఇండియన్ ఆయిల్ సంస్థ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ 100 పేరిట 100 ఆక్టేన్ పెట్రోలును విడుదల చేసింది. తొలి విడత 10 నగరాల్లో గుజరాత్ నుంచి అహ్మదాబాద్ ఉంది.

అమెరికాలోని బంధువులు అక్కడ 87 వాడుతున్నామంటే తక్కువ రకమని భావించనక్కర్లేదు. అక్కడి లెక్కింపు పద్ధతి వేరు. ఆ 87 సుమారుగా మన 91కి సమానం.

ఎవరికి ఏది?

ఇంజిన్ మిశ్రమాన్ని ఎంత ఎక్కువగా నొక్కితే అంత ఎక్కువ ఆక్టేన్ కావాలి. రోజువారీ ప్రయాణాలకు వాడే స్కూటర్లు, మోటార్‌సైకిళ్లు, చిన్న కార్లలో అత్యధికం 91కి తగినట్టు రూపొందినవే. వాటిలో 95 పోయించినా చెప్పుకోదగిన వేగం గాని, మైలేజీ గాని పెరగదు. లీటరుకు 8 రూపాయల తేడా ఉందనుకుంటే, నెలకు 20 లీటర్లు వాడేవారికి ఏడాదికి 1,920 రూపాయలు అదనపు ఖర్చు.

అధిక కంప్రెషన్, టర్బో ఇంజిన్లున్న కొన్ని వాహనాలకు తయారీదారులు 95 లేదా అంతకు మించి సూచిస్తారు. వాటిలో తక్కువ ఆక్టేన్ వాడితే నాక్ సెన్సర్ రవ్వ సమయాన్ని వెనక్కి జరిపి ఇంజిన్‌ను కాపాడుతుంది. కానీ శక్తి, మైలేజీ తగ్గుతాయి. వాహనంతో ఇచ్చిన పుస్తకంలోను, చాలా వాహనాల్లో ఇంధన ట్యాంకు మూత వద్దను ఈ వివరం ఉంటుంది.

ఇథనాల్ ప్రభావం

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలును ప్రధానమంత్రి 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, శక్తి తక్కువ. అందువల్ల ఆక్టేన్ పెరిగినా మైలేజీ తగ్గవచ్చు. పెట్రోలు కోసం రూపొంది, 10 శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన కార్లలో ఈ తగ్గుదల 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం ఉండవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. పాత వాహనాల్లో రబ్బరు గొట్టాలు, సీళ్లను సర్వీసింగ్ సమయంలో తనిఖీ చేయించాలి.

శబ్దం వస్తే

సరైన పెట్రోలు వాడుతున్నా టకటక శబ్దం వస్తే కారణం వేరే ఉండవచ్చు. సిలిండరులో పేరుకున్న మసి, తగని స్పార్క్ ప్లగ్, ఇంజిన్ అతిగా వేడెక్కడం, కిరోసిన్ కల్తీ వంటివి నాకింగ్‌కు దారితీస్తాయి. కల్తీపై అనుమానముంటే బంకులో సాంద్రత వివరాలు, ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు వినియోగదారుకు ఉంది. ఫిల్టర్ పేపర్ కల్తీ జాడను సూచించగలదే తప్ప ఆక్టేన్‌ను తెలపలేదు. శబ్దం ఆగకపోతే మెకానిక్‌కు చూపించి కారణం తెలుసుకోవాలి. ఖరీదైన పెట్రోలుతో దానిని అణచి ఉంచితే అసలు లోపం అలాగే ఉండిపోతుంది.