వాకిట నిలిచిన మాటలు

15వ శతాబ్దమున ఇటలీలోని ఫ్లోరెన్సు పట్టణములో మెడిచీ వంశపు ధనికులు చిత్రకారులను, శిల్పులను, పండితులను పోషించిరి. అట్టి పోషకుడు మన గోదావరి సీమలోను ఉండెను. ఆయన పిఠాపురము మహారాజా సూర్యారావుగారు (1885–1964).

గొప్ప తెలుగు నిఘంటువొకటి వ్రాయించుటకు ఆయన ధనమిచ్చెను. జయంతి రామయ్య పంతులుగారును పండితులును ఏండ్ల తరబడి శ్రమించగా, 1936లో మొదటి సంపుటము వెలువడెను. దాత పేరనే అది సూర్యరాయాంధ్ర నిఘంటువైనది. అయితే అందు పెద్దపీట గ్రాంథిక పదములకే. నాట్లువేయు తల్లి నోటి మాటలనేకము వాకిటనే నిలిచిపోయెను. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాషకై వాదించుచున్న కాలమది.

అయినను ఆ రాజే, తన గురువగు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి ప్రోద్బలముచే, కాకినాడలో అనాథ శరణాలయమును, అంటరానివారని త్రోసివేయబడిన విద్యార్థులకు వసతి గృహమును పెట్టించెను. తల్లి మాటకు నిఘంటువులో చోటు లేకపోయినను, బిడ్డకు చదువు దొరికెను.

మనమును కానుక ఇచ్చునప్పుడు, రాతిపలకమీద మన పేరు చెక్కిరా అని కాక, వాకిట నిలిచినవాడు లోనికి వచ్చెనా అని అడుగుదము.