నీటిమీద పైడిపొర

కాచిన పాలు చల్లారుతూ ఉండగా పైన సన్నని మీగడ కడుతుంది. గిన్నెను కొంచెం వంచితే ఆ మీగడ ఒక అంచుకు చేరి ముడతలు పడుతుంది. నిత్యమూ చూసేదే కనుక మనం దాన్ని పట్టించుకోము. ద్రవం మీద ఇటువంటి పొరనే, మీగడతో కాక స్వచ్ఛమైన బంగారంతో కట్టించి, నెలల తరబడి పరిశీలించిన మహనీయుడు మైకేల్ ఫారడే. ఆ ప్రయోగాలు 1856లో లండన్ నగరంలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జరిగాయి.

ఫారడే 1791లో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. పద్నాలుగవ ఏట పుస్తకాలు బైండు చేసే అంగట్లో పనికి కుదిరాడు. తోలు అట్టల మీద బంగారు రేకుతో అక్షరాలు అద్దడం ఆ వృత్తిలో భాగమే. అరవై నాలుగేళ్ళ వయస్సులో ఆయన మళ్ళీ ఆ రేకునే చేతపట్టాడు. ఈసారి అలంకారానికి కాదు, కాంతి స్వభావం తెలుసుకోవడానికి.

సుత్తితో సాగగొట్టిన బంగారు రేకు మందం అంగుళంలో 2,82,000వ వంతు. ఒక్క కాంతి తరంగం పొడవులో అటువంటి రేకులు నాలుగు మొదలు ఏడు దాకా ఇమిడిపోతాయి. దీపానికి అడ్డుపెడితే ఆ పసిడి రేకు గుండా పచ్చని వెలుగు ప్రసరిస్తుంది. మరింత పలుచని లోహం కాంతిని ఏం చేస్తుందన్నది ఫారడే ప్రశ్న. సుత్తి అంతకంటే ముందుకు పోలేదు. రసాయనం పోగలిగింది.

ఆయన మిత్రుడు వారెన్ డి లా ర్యూ ఇందులో తోడ్పడ్డాడు. బంగారు లవణాన్ని విస్తారమైన నీటిలో కరిగించి, ఆ నీటిపై భాస్వరం నలుసులు చల్లి, మూతపెట్టి ఒక పగలూ రాత్రీ కదల్చకుండా ఉంచాలి. భాస్వరపు ఆవిరి సోకిన మేర ద్రావణం పైభాగంలోని లవణం విడిపోయి, లోహం బయటపడి పొరగా అల్లుకుంటుంది. నలుసు దగ్గర పొర దట్టంగా, పసిడి మెరుపుతో ఉంటుంది. దూరం పోయేకొద్దీ సన్నగిల్లి, చివరికి కంటికి ఆననంతగా మిగులుతుంది. అడుగునుంచి గాజుపలకతో మెల్లగా ఎత్తితే పొర పలకకు అంటుకుని వస్తుంది.

ఇంత సన్నని పొర ముడతలు ఎందుకు పడుతుంది? దాన్ని వంచడం సులభం, కుదించడం కష్టం. పక్కనుంచి నెట్టితే కుదించుకోలేక పైకీ కిందికీ వంగుతుంది. వంపులు మరీ చిన్నవైతే పొర బిరుసుదనం ఒప్పుకోదు. మరీ పెద్దవైతే కిందనున్న ద్రవాన్ని ఎక్కువగా ఎత్తవలసి వస్తుంది. ఈ రెంటి నడుమ కుదిరిన రాజీయే ముడతల మధ్య దూరం. 2007లో అమెరికా శాస్త్రజ్ఞులు నీటిమీద తేలే పాలిస్టైరీన్ పొరపై ఒక నీటిబొట్టు ఉంచి, దాని చుట్టూ కిరణాలవలె లేచిన ముడతలను లెక్కించి, పొర మందాన్నీ బిరుసునూ గణించే మార్గం చూపారు. ముడతే కొలబద్ద అయింది.

మళ్ళీ ఫారడే దగ్గరకు వద్దాం. పొరలను తయారుచేసి కడిగినప్పుడు మిగిలిన నీరు లేత కెంపు రంగులో కనబడింది. మన ఊళ్ళలో కంసాలి కొట్టు ముందరి దుమ్ము ఊడ్చి, కడిగి, బంగారు రజను ఏరుకొని పొట్టపోసుకునేవారు ఉండేవారు. కడుగునీళ్ళ విలువ వారికి తెలుసు. ఫారడేకూ తెలుసు. ఆయన ఆ నీటిని పారబోయలేదు. కటకంతో కాంతిని కేంద్రీకరించి అందులోకి పంపితే, వెలుగు దారి శంకువు ఆకారంలో ప్రకాశించింది. కరిగిపోయిన ఉప్పు అలా వెలగదు. కనుక ఆ ఎరుపు అతి సూక్ష్మమైన బంగారు రేణువులదేనని ఆయన నిశ్చయించాడు. ఉప్పు చేరిస్తే ఆ ఎరుపు నీలిగా మారడం కూడా గమనించాడు.

అప్పటికే ఆయనను మతిమరుపు బాధిస్తూ ఉంది. ప్రతి ప్రయోగాన్నీ అంకెలు వేసి రాసుకునేవాడు. 1857 ఫిబ్రవరి 5న రాయల్ సొసైటీలో చేసిన బేకేరియన్ ఉపన్యాసంలో ఈ ఫలితాలను వివరించాడు. ఇవి ప్రస్తుతానికి గొప్ప విలువగలవని చెప్పుకోననీ, తరువాత పరిశోధించేవారికి శ్రమ తగ్గించవచ్చుననీ వినయంగా అన్నాడు. కోరిన రహస్యం ఆయనకు చిక్కలేదు. వెతకనిది చేతికి వచ్చింది.

డెబ్బై ఏళ్ళు గడవకముందే ఆ మాట ఫలించింది. సూక్ష్మరేణువుల ఉనికిని కంటికి చూపే అల్ట్రామైక్రోస్కోపును రూపొందించినవారిలో ఒకడైన రిచర్డ్ జిగ్మోండీ, కొల్లాయిడ్లపై చేసిన కృషికి 1925వ సంవత్సరపు నోబెల్ బహుమతి పొందాడు. నేడు వైద్యపరీక్షల పట్టీలు అనేకంలో కనబడే ఎర్రని గీత కూడా ఆ బంగారు రేణువులదే. ఫారడే చేసిన కెంపునీటి సీసాలూ, పైడిపొరలు అంటిన వందలాది గాజుపలకలూ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రంగా ఉన్నాయి.

విద్యార్థులకు మనం ఫలితాలు బోధిస్తాము, అవి పాఠ్యపుస్తకంలో ఉంటాయి కనుక. కడుగునీళ్ళను పారబోసేముందు ఒకసారి వెలుగుకు ఎత్తి చూడమని కూడా చెప్పగలిగితే, ఆ బోధన సార్థకమవుతుంది.