పేరు అడగని రసీదు

తెలుగునాట కిరాణా కొట్లలో రోజువారీ లావాదేవీల పుస్తకమైన చిట్టాలోకి, ఖాతాల వారీ పద్దు అయిన ఆవర్జాలోకి సాధారణంగా అరువు తీసుకున్నవారి పేరు ఎక్కేదేగాని, రొక్కమిచ్చి కొన్నవారి పేరు ఎక్కేది కాదు. 1879లో అమెరికాలోని డేటన్‌లో జేమ్స్ రిట్టీ రూపొందించిన క్యాష్ రిజిస్టర్, అంటే అమ్మకాలను నమోదుచేసే యంత్రం, కొట్టులో పనివారి చేతివాటాన్ని అరికట్టడానికే పుట్టింది కనుక దాని నిఘా కూడా అమ్మేవారిపైనే ఉండేది. బిల్లు సెల్‌ఫోనుకు సందేశంగా చేరే ఎలక్ట్రానిక్ రసీదుతో ఆ చూపు కొనేవారివైపు మళ్లింది. కౌంటరు వద్ద చెప్పిన పది అంకెలకు కందిపప్పు, షుగరు మాత్రలు, పసిపిల్లల పాలపొడి అన్నీ ముడిపడి, ఒక కుటుంబపు ఆరోగ్యమూ అలవాట్లూ దుకాణం కంప్యూటరులో పోగుపడే వీలు ఏర్పడింది. సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినా ఈ పద్ధతి ఆగకపోవడంతో, 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఫోన్ నంబరు కోసం పట్టుబట్టరాదని చిల్లర వర్తకులకు సూచించవలసి వచ్చింది. నంబరు చెప్పకుండానే బిల్లు అడిగి తీసుకోవడం కొనుగోలుదారు హక్కు.