శాంటా ఫే మట్టి మిద్దెలు

అమెరికా నైరుతి ఎడారిలో, ముఖ్యంగా న్యూమెక్సికోలో, మట్టి రంగు మిద్దెలకు స్పానిష్ ఇళ్లని పేరు. ఆ పేరు సగమే నిజం. 1598లో స్పానిష్ వలసదారులు వచ్చేనాటికే అక్కడి ఆదివాసులైన ప్యూబ్లో జనం శతాబ్దాలుగా మట్టి ఇళ్లలో ఉంటున్నారు. తడి మట్టిని చేత్తో వరుస మీద వరుస పెట్టి గోడ లేపేవారు. స్పానిష్ వాళ్లు తెచ్చింది చెక్క అచ్చు. మట్టి, ఇసుక, గడ్డి కలిపి తొక్కి, అచ్చులో నింపి ఎండబెట్టిన పచ్చి ఇటుకే అడోబే. ఆ మాటేమో స్పానిష్‌లోకి అరబ్బీ నుంచి వచ్చింది.

ఇంటి కొలతను నిర్ణయించింది చెట్టు. కొండల నుంచి తెచ్చిన దుంగలే దూలాలు, వాటిని విగాలంటారు. మామూలు ఇళ్లలో వాటి పొడవు సుమారు 15 అడుగులు దాటేది కాదు కనుక గదులు ఇరుకుగా, వరుసగా ఉండేవి. దూలాల మీద సన్న కొయ్యలు పరిచి, పైన మట్టి కప్పేవారు. మిద్దె మీది వాన నీరు పిట్టగోడలోంచి చొచ్చుకొచ్చిన చెక్క తూముల గుండా గోడకు దూరంగా పడేది. సంసారం పెరిగితే పక్కనే మరో గది లేచేది. అలా అలా నడుమ వాకిలి చుట్టూ ఇల్లు మూసుకునేది. మందపాటి గోడలు పగటి ఎండను మెల్లగా పీల్చుకుని రాత్రికి వదిలేవి.

మట్టి గోడకు ఏటా చాకిరీ తప్పదు. ఆ పని ఆడవాళ్లది. ఎంహర్రదోరాలనే ఆ పనివాళ్లు బయట మట్టి మెత్తి, లోపల తెల్ల మట్టిని గొర్రెతోలు ముక్కతో పూసేవారు. ఈ ఇళ్లను ఇన్నేళ్లు నిలబెట్టింది ఆ చేతులే.

1846లో అమెరికా సైన్యం, దాని వెంట రంపపు మిల్లులు, తర్వాత 1880లో రైలు వచ్చాయి. గాజు కిటికీలు, పిట్టగోడ మీద కాల్చిన ఇటుక వరుస అప్పటి చేర్పులే. 1912లో న్యూమెక్సికోకు రాష్ట్ర హోదా దక్కిన ఏడాదే దాని రాజధాని శాంటా ఫే పెద్దలు పాత రూపం వైపు మళ్లారు. 1957లో దానికి చట్టమూ చేశారు. అయితే చట్టం కాపాడింది రూపాన్నే. చాలా కొత్త ఇళ్లలో లోపల చెక్క చట్రం, పైన సిమెంటు పూత; బయటికి కనిపించే దూలపు కొసలు కొన్నిచోట్ల అలంకారమే.

సిమెంటుకూ మట్టికీ పొసగదని న్యూమెక్సికోలోనే ఉన్న రాంచోస్ డి తావోస్ మట్టి చర్చి చూపింది. 1967లో దానికి గట్టి సిమెంటు పూత వేశారు. బీటల్లోంచి దిగిన తడి బయటికి పోలేక లోపలి ఇటుకలు నానిపోయాయి. 1979లో ఆ పూత ఊడదీశారు. అప్పటి నుంచి ఏటా వేసవిలో ఊరివాళ్లే మట్టి, గడ్డి కలిపి గోడలకు మెత్తుతున్నారు.