ఆల్టెర్నా: ముందు ఎవరి పేరు?

రెండు దేశాలు ఒప్పందం రాసుకుంటే ముందు ఎవరి పేరు ఉండాలి? ఈ చిక్కుకు దౌత్యవేత్తలు వాడే ఉపాయమే 'ఆల్టెర్నా'. ఇది ఫ్రెంచి మాట, చివరి 'ట' పలకరు. మన మాటల్లో చెప్పాలంటే వంతులవారీ ముందుస్థానం.

ఒప్పందానికి రెండు అసలు ప్రతులు తయారుచేస్తారు. మన దగ్గర ఉండే ప్రతిలో మన దేశం పేరు ముందు, అవతలివాళ్ళ ప్రతిలో వాళ్ళ పేరు ముందు. సంతకాలూ అంతే. ఎవరి ప్రతిలో వాళ్ళే పెద్ద!

ఇంత చిన్నదానికి ఇంత తతంగమా అనుకోకండి. 1661లో లండన్‌లో స్వీడన్ రాయబారి ఊరేగింపులో ఎవరి బండి ముందు వెళ్ళాలని ఫ్రాన్సు, స్పెయిన్ రాయబారుల మనుషులు వీధిలోనే కొట్టుకున్నారు. ప్రాణాలు పోయాయి. చాలా దేశాలు కలిసి సంతకం చేసేటప్పుడు ఆల్టెర్నా పాటించేవాళ్ళ మధ్య వరుసను చీటీలు వేసి తేల్చాలని 1815లో వియన్నాలో నిర్ణయించుకున్నారు.

ఇప్పుడు ఎక్కువగా అక్షరక్రమం వాడుతున్నారు. అయితే భాష మారితే వరుసా మారుతుంది. పిల్లలూ, మన వర్ణమాలలో వేసి చూడండి. 'ఇండియా' అని రాస్తే చైనా, జపాన్, నేపాల్ కంటే ముందుంటాం. 'భారత్' అని రాస్తే ఆ మూడింటి వెనక్కి పోతాం.

భాషల మధ్య మాత్రం ఈ సమానత్వం అంత తేలిగ్గా కుదరదు. 1996 డిసెంబరు 12న భారత్, బంగ్లాదేశ్ చేసుకున్న గంగాజలాల ఒప్పందం హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉంది. పాఠాల మధ్య తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుందని అందులోనే రాశారు.

తెలుగువాళ్ళ చరిత్రలో దీనికి దగ్గరి పోలిక 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి వస్తే ఉపముఖ్యమంత్రి తెలంగాణ నుంచి, అటు నుంచి వస్తే ఇటు నుంచి అన్నారు. నవంబరు 1న నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, ఉపముఖ్యమంత్రిని మాత్రం పెట్టలేదు. కాగితం మీద రాసుకున్న వంతు మొదటి మంత్రివర్గంలోనే తప్పింది.

మన బడికి వస్తే, తమిళనాడు 2006 తమిళ అభ్యసన చట్టంలో తమిళం ఒకటో భాగం, ఇంగ్లీషు రెండు, మిగతా సబ్జెక్టులు మూడు. తెలుగులాంటి మాతృభాషలకు ఐచ్ఛికంగా నాలుగో భాగంలో చోటిచ్చారు. ఈ వరుసలో వంతులు లేవు.